ఆంటీ ఇంటి కొయ్య సెమ్మె

ఇప్పుడు ఎడిసన్‌లో సొంతింట్లో ఉంటున్నా, మేము మొదట అద్దెకున్న పార్సిప్పనీ అనగానే నాకు మా కింది అపార్ట్‌మెంట్ ఆంటీ వంటిల్లే గుర్తొస్తుంది. ఆవిడది ఉక్రెయిన్‌లో కొండ ప్రాంతం. గరిటెలు, రొట్టె పళ్ళెం, గోడ మీది శిలువ, అన్నీ ఆవిడ భర్త చెక్కినవే. ఆఖరికి ఉప్పు పెట్టె మూత మీద కూడా సూర్యుడి చక్రం, చుట్టూ గోధుమ కంకులు. ఉప్పుకెందుకు ఇంత సింగారం అని అడిగితే, "రోజూ చెయ్యి పడేది దాని మీదే కదా" అనేవారు.

మేము ఆ అపార్ట్‌మెంట్‌లో దిగిన రోజున, కొత్తవాళ్ళని ఆహ్వానించే వాళ్ళ పద్ధతిలో, ఆ చెక్క పళ్ళెంలో రొట్టె, ఉప్పు తెచ్చి నా చేతికివ్వబోయారు. ఉప్పు చేత్తో అందుకుంటే గొడవలొస్తాయని నేను గభాలున వెనక్కి తగ్గాను. సంగతి చెబితే పడీ పడీ నవ్వి, పళ్ళెం కింద పెట్టారు. ఆ నవ్వు కోసమే వారానికి రెండుసార్లు ఏదో వంకన కిందికి దిగేదాన్ని.

భర్త చనిపోయిన ఏడాదే ఆవిడ మోకాలి ఆపరేషన్‌కని కూతురి దగ్గరికి బయల్దేరారు. ఇంట్లో పైపులు మార్చే పనివాళ్ళు తిరుగుతారని, గుడ్డలో చుట్టిన వస్తువొకటి నాకప్పగించారు. మూడు కొవ్వొత్తులు నిలిపే కొయ్య స్టాండు. ఆయన ఆఖరుగా చెక్కింది అదే. జనవరిలో వాళ్ళ చర్చిలో నీళ్ళను పవిత్రం చేసే పండుగకి దాన్ని తీసుకెళ్ళి వెలిగించాలి.

"ఇది ఆయనే అనుకో. జాగ్రత్త," అన్నారు.

అప్పుడు మా అమ్మ ఇండియా నుంచి వచ్చి నా దగ్గరే ఉంది. ఒకరోజు ఆఫీస్ నుంచి వచ్చేసరికి ఆ స్టాండు మా దేవుడి మూలలో ఉంది. ఒళ్ళంతా తడి పసుపు, మూడు కొమ్మలకీ కుంకుమ బొట్లు.

"ఏం పని చేశావమ్మా?"

"దేవుడి సెమ్మెని మూటగట్టి అలమారలో పడేస్తారటే? ఏ దేవుడైతేనేం, పసుపు రాస్తే వద్దంటాడా?"

వార్నిష్ వెయ్యని కొయ్య కావడంతో పసుపు లోపలికంటా ఇంకిపోయింది. అమ్మ మీద ఇంతెత్తున లేచాను. నిమ్మకాయ రుద్దాను, పోలేదు. ఎండలో పెడదామంటే డిసెంబరులో ఎండేదీ? చివరికి శాండ్‌పేపర్ కొనుక్కొచ్చి, చెక్కిన గాట్ల జోలికి పోకుండా, చదునుగా ఉన్న చోట్ల రెండు రోజులు కూర్చుని రుద్దాను. పసుపుతో పాటు వెనక వైపు పెన్సిల్ గీతలేవో ఉంటే అవీ పోయాయి. మంచిదే, శుభ్రపడింది అనుకున్నాను. నా తెలివి తెల్లారినట్టే ఉంది.

ఆంటీ తిరిగొచ్చాక, జరిగింది ఒప్పుకుంటూ స్టాండు చేతికిచ్చాను. గాట్లలో పసుపు ఇంకా మిగిలే ఉంది. అది చూసి ఆవిడ నవ్వారు. మీ అమ్మ దీపం కూడా పెట్టిందా అని అడిగారు. హమ్మయ్య అనుకున్నాను. తర్వాత దాన్ని వెనక్కి తిప్పి, చదును మీద బొటనవేలితో తడుముతూ ఉండిపోయారు.

"ఇక్కడ ఒక పువ్వు ఉండాలి. పెన్సిల్‌తో గీసి పెట్టుకున్నాడు. చెక్కేలోపే పోయాడు."

"మురికనుకున్నాను ఆంటీ."

ఆవిడ తిట్టలేదు. తిట్టినా బాగుండేది. కాసేపటికి నన్ను దగ్గరగా కూర్చోబెట్టుకుని, ఎంతో ఆశగా అడిగారు.

"నేనెప్పుడూ లెక్కపెట్టలేదు, ఎక్కడికి పోతుందిలే అని. రుద్దేటప్పుడు నువ్వు చూసుంటావు కదా. ఎన్ని రేకులున్నాయి?"

రెండు రోజులు ఆ కొయ్య నా ఒళ్ళోనే ఉంది. నేను చూడలేదు.