బాయిలర్ ముందు నూలుపోగు

మొన్న మట్టెవాడలో పాత ఇత్తడి సామాన్లు తూకానికి కొనే దుకాణం ముందు నుంచి నడుస్తుంటే, చింతపండుతో తోమిన రాగి వాసన ముక్కుకు తగిలి కాళ్లు ఆగిపోయాయి. లోపల ఓ మూలన రాగి బాయిలర్ ఒకటి పక్కకు ఒరిగి పడి ఉంది. ఏం కావాలమ్మా అని దుకాణదారు అడిగితే ఊరికే చూస్తున్నానన్నాను.

డెబ్భైల చివర్లో కాశిబుగ్గలోని మా ఇంట్లో సరిగ్గా అలాంటిదే ఉండేది. నడుమ గొట్టం, చుట్టూ నీళ్లు. గొట్టంలోకి పైనుంచి బొగ్గులు, కొబ్బరి చిప్పలు వేస్తే అడుగున ఇనుప జల్లెడ మీద అవి మండేవి. జల్లెడ కింద బూడిద తీసే చిన్న తలుపు. ఒకవైపు చెంబెడు చన్నీళ్లు పోస్తే, రెండోవైపు ముక్కులోంచి చెంబెడు వేడినీళ్లు వచ్చేవి. ఎంత పోస్తే అంతే తిరిగిచ్చే దాని నిజాయితీ నాకు వింతగా ఉండేది. చలికాలం పొద్దున్నే పిల్లలమంతా దాని చుట్టూ చేరి వీపులు కాచుకుంటూ, బూడిదలో కాల్చిన పల్లికాయలు ఒలుచుకుంటుంటే, ముందు గదిలోంచి మగ్గం చప్పుడూ నూలుకు పెట్టిన గంజి వాసనా కలిసి వచ్చేవి.

ఒక ఏడు చలికాలంలో మా అక్క కాన్పుకు వచ్చింది. నెల తక్కువ పిల్ల పుట్టింది, పిడికెడంత ఉంది. దవాఖాన నుంచి ఇంటికి తెచ్చిన రోజే, బాలింతలకూ పసిపిల్లలకూ నీళ్లు పోసే ఎల్లవ్వ అమ్మకు గట్టిగా చెప్పింది.

"జర పైలం. నీళ్లు సల్లవడ్డయంటే ఈ పిల్ల తట్టుకోది."

నాలుగోనాడే బాయిలర్ మొండికేసింది. బొగ్గులు రాజుకోవు, పొగ మాత్రం ఇంటినిండా. గంట గడిచినా నీళ్లు గోరువెచ్చన దాటలేదు. పొయ్యి మీద కాచుదామంటే రెండో గిన్నె కాగేలోపు మొదటిది చల్లారేది. బొగ్గులు తడిశాయంది అమ్మ. అడుగు చిల్లు పడిందంది పక్కింటి చిన్నమ్మ. ఎల్లవ్వైతే ఉప్పూ మిరపకాయలూ తీసి ఏకంగా బాయిలర్‌కే దిష్టి తీసింది. లోపల పాప కాళ్లు చల్లబడుతున్నాయని అక్క ఏడుస్తోంది.

అప్పుడు మా నాన్న, మేం బాపు అనేవాళ్లం, మగ్గం గుంటలోంచి లేచి వచ్చాడు. ఆయనకు మగ్గం తప్ప మరో పనిముట్టు తెలియదు. నేతలో తప్పు పడితే గుంజడు, కొట్టడు. అది మొదలైన చోటు దొరికేదాకా వెనక్కి వెళతాడు. బాయిలర్ దగ్గరా అంతే చేశాడు. రాగి ఒళ్లంతా పొడిబట్టతో తుడిచి, ఎక్కడైనా చెమ్మ ఊరుతుందేమో చూశాడు. చిల్లు లేదు. పొడి బొగ్గులు తెప్పించి వేశాడు. అదే పొగ. ఇక భుజం మీది కండువాకు అంటుకున్న నూలుపోగు ఒకటి తీసి, బూడిద తలుపు ముందు రెండు వేళ్లతో వేలాడదీశాడు.

"ఎవ్వలు కదలకుండ్రి."

పోగు నిటారుగా వేలాడుతూ ఉండిపోయింది.

"గాలి లోపటికి గుంజుతలేదు. జల్లెడ మూసుకపోయింది."

మేమంతా పొగనే చూస్తుంటే, కంటికి కనబడని గాలిని ఆయన నూలుపోగుతో పట్టుకున్నాడు. నోరు తెరుచుకుని చూస్తుండిపోయాను. ఆ వెంటనే మెల్లగా అమ్మ వెనక్కి జరిగాను. జల్లెడ ఎందుకు మూసుకుపోయిందో నాకొక్కదానికే తెలుసు.

మగ్గం కింద రాలిన నూలు చిక్కులు ఊడ్చి పారేయడం నా పని. ఒకరోజు రంగునూలు కొంచెం బాయిలర్‌లో వేస్తే, మంట అంచున ఆకుపచ్చ వెలుగు లేచింది. అంత అందమైనది నేనంతవరకూ చూడలేదు. అప్పటినుంచి ఎవరూ చూడకుండా గుప్పెళ్లతో వేస్తున్నాను. నూలుకున్న గంజి మాడి, బూడిదతో కలిసి ముద్దకట్టింది.

బాపు నిప్పులు ఆర్పి, బాయిలర్ వంచి జల్లెడ తీశాడు. నల్లటి అట్ట ఊడిపడింది. దాని మధ్య కాలని ఎర్రపోగు ఒకటి. దాన్ని వేళ్ల మధ్య నలిపి నావైపు చూశాడు.

"ఎందుకేసినవ్ బిడ్డా?"

"మంట... ఆకుపచ్చగ వస్తది బాపూ."

ఆయన జల్లెడ గీకి, కడిగి, మళ్లీ పెట్టి నిప్పు రాజేసి పోగు పట్టాడు. ఈసారి అది మెల్లగా ఊగి, తలుపులోకి వంగింది. ఎల్లవ్వ నీళ్లలో మోచేయి ముంచి చూసి, పాపను కాళ్ల మీద పడుకోబెట్టుకుంది. రెండో చెంబుకే పాప ఇల్లు ఎగిరిపోయేలా ఏడ్చింది. పుట్టాక అంత గట్టిగా ఏడవడం అదే మొదలు. అమ్మ అక్కడే కూలబడి దణ్ణం పెట్టుకుంది.

స్నానాలయ్యాక బాపు నన్ను పక్కన కూర్చోబెట్టుకుని, చిటికెడు రంగునూలు తానే గొట్టంలో వేశాడు.

"మంట సూడబుద్ధైతే నన్ను పిలువు. ఇద్దరం సూద్దాం."

ఆకుపచ్చ వెలుగు లేచి ఆరిపోయేదాకా ఇద్దరం చూశాం. తిట్లకు సిద్ధపడి ఉన్న నాకు ఆయన ఆ పూట దేవుడిలా కనిపించాడు.

ఆ మగ్గం గుంట ఇప్పుడు పూడ్చేశారు, మీద నున్నటి టైల్స్. నాటి పాపకు ఇద్దరు పిల్లలు. మా స్నానాల గదిలో తెల్లటి డబ్బా గోడకు వేలాడుతుంది. చెడితే మెకానిక్ మూత విప్పకుండానే కొత్తది కొనమంటాడు. నీళ్లు ఎలా కాగుతున్నాయో ఎవరికీ కనబడదు, చూడాలని ఎవరికీ తోచదు. నాకు మాత్రం ఇప్పటికీ ఒక్కోసారి ఆ మంట చూడబుద్ధవుతుంది. పిలుద్దామంటే బాపు లేడు.