మాస్టారు కుట్టుకున్న ప్యాంటు

పక్షవాతం వచ్చిందన్న మాటే గాని, టైలరు మాస్టారి నోటికి ఏమీ కాలేదు. ఇంట్లోవాళ్ళకు వచ్చిన తంటా అదే. ఎడమ పాదం మాత్రం మాట వినడం మానేసింది. అడుగెత్తితే చాలు, వేళ్ళు కిందికి వాలిపోయి గడపకు తగులుకునేవి.

వ్యాయామం చేయించే డాక్టరమ్మ ఆ కాలికి బ్రేస్ తొడిగింది. పిక్క చుట్టూ పట్టీ, అరికాలి కింద పలక, చీలమండ పక్కన చిన్న మర. మరను ఎక్కడికి బిగిస్తే పాదం అక్కడివరకే వాలుతుంది.

"కాలు కుదుటపడేకొద్దీ వదులు చేద్దాం," అందామె.

"ఆల్టరేషన్ అన్నమాట," అన్నాడు మాస్టారు. పట్టీ మీది కుట్టు చూసి మొహం చిట్లించాడు. "ఇంత వంకర కుట్టు నా కొట్లో వేసుంటే చెయ్యి విరగ్గొట్టేవాణ్ణి."

బ్రేస్ తొడుక్కుంటే నడక బాగానే వచ్చింది. వీధి చివర తన కొట్టు దాకా వెళ్ళొచ్చు. వెళ్ళడు. ప్యాంటు దాని మీదికి దిగదు, పైకి కనబడితే కుంటి టైలరంటారని బెంగ. కొట్టు తాళం అలాగే ఉండిపోయింది. కొట్టు లేకపోతే ఆయన మనిషే కాదు. ఆ సంగతి ఆయనకూ తెలుసు, ఆయన భార్యకూ తెలుసు.

చివరికి ఒకరోజు కత్తెర అందుకున్నాడు. "ఎడమకాలు వెడల్పు పెట్టి నేనే కుట్టుకుంటా. లోపల ఏముందో దేవుడిక్కూడా తెలీదు."

గుడ్డను తన నడుముకే ఆనించుకుని సుద్దతో గీసుకున్నాడు. మంచం మీద పరిచి కుడిచేత్తో చకచకా కత్తిరించాడు. ఏళ్ళ తరబడి ఆయన కుట్టిన బట్టలకు గుండీలు కుట్టిన భార్య పక్కనే కూర్చుంది, నోరు మెదపలేదు.

కుట్టడం అయింది. తొడుక్కున్నాడు. కుడికాలు గోనెసంచిలా ఊగింది. ఎడమకాలు బ్రేస్ దగ్గరే ఆగిపోయింది.

జీవితమంతా జనాన్ని ఎదురుగా నిలబెట్టి కొలిచిన మనిషి. ఎదుటివాడి ఎడమకాలు ఎప్పుడూ తన కుడిచేతి వైపే ఉండేది. సుద్ద అలవాటు చొప్పున అటే పోయింది.

"గీసేటప్పుడే చూశానండీ," అంది భార్య.

"చూసి? నోట్లో ఏం పెట్టుకున్నావ్?"

"ఎన్నాళ్ళకి కత్తెర పట్టారు! ఆపబుద్ధి కాలేదు."

ఆయన నోటికి ఏమీ కాలేదని మొదట్లోనే చెప్పాను. అప్పుడు మాత్రం మాట రాలేదు. కాసేపు కళ్ళు తుడుచుకున్నాడు. తర్వాత ఎడమకాలు ప్యాంటును మోకాలి దాకా మడిచి, అందరికీ కనబడేలా పట్టీ బిగించాడు.

"కొట్టు తాళాలు ఎక్కడ పెట్టావే?" అన్నాడు.