బాలమణమ్మ గడ్డివాము కొక్కు

2022 వానాకాలం. మేడ్చల్ దగ్గర అత్వెల్లిలో, రోడ్డు మీదికే ఉన్న రెండు గదుల షెడ్డులో నేను పుట్టగొడుగుల ల్యాబ్ పెట్టి అప్పటికి తొమ్మిదేళ్లు. ల్యాబ్ అనగానే గాజు గదులు ఊహించుకోకండి. ఒక గదిలో రెండు పెద్ద ప్రెషర్ కుక్కర్లు, రెండో గదిలో లామినార్ ఫ్లో అనే యంత్రం. గాలిని వడకట్టి, దుమ్మూ బూజూ లేకుండా మన చేతుల మీదికి వదులుతుందది. సెకండ్ హ్యాండ్‌లో కొన్నదే అయినా దాన్ని చూసుకుని నాకు కాస్త పొగరే. జొన్నల మీద పెంచే పుట్టగొడుగు విత్తనాన్ని స్పాన్ అంటారు. దాన్ని తయారుచేసి రైతులకు ఇవ్వడం నా పని. నెలకోసారి కొత్తవాళ్లకు శిక్షణ కూడా ఇస్తాను.

ఆ శిక్షణకే వచ్చింది గౌడవెల్లి బాలమణమ్మ. యాభై దాటిన మనిషి. వచ్చీ రాగానే కొంగు ముడి విప్పి ఒక పుట్టగొడుగు తీసి బల్ల మీద పెట్టింది.

“గిది మా గడ్డివాము కింద మొలిసింది. దీని ఇత్తనం తీసియ్యి బిడ్డా.”

వరిగడ్డిలో మొలిచే జాతి. అడుగున చిరిగిన సంచిలాంటి తొడుగు, పైన బూడిద రంగు గొడుగు. అచ్చం ఇలాగే ఉండి ప్రాణం తీసేవీ ఉన్నాయి కనుక, “ఎన్నేండ్ల సంది తింటున్నమో” అని ఆమె ఎంత చెప్పినా నేను వినలేదు. గొడుగు కోసి ఫాయిల్ మీద పెట్టి గిన్నె బోర్లించాం. మర్నాటికి ఫాయిల్ మీద గులాబీ రంగు పొడి రాలి ఉంది. ఆ పొడి ముద్రనే స్పోర్ ప్రింట్ అంటారు. అది తెల్లగా పడి ఉంటే అక్కడే పారేయించేదాన్ని. రంగు ఒక్కటే చాలదు కాబట్టి, తెలిసిన నిపుణుడికి కూడా చూపించి నిర్ధారించుకున్నాను.

“ఇదే జాతి స్పాన్ నా దగ్గర తయారుగా ఉంది, పట్టుకుపో” అన్నాను.

“నీది నీకే ఉండనియ్యి. మా కొక్కు వాసనే వేరు.” పుట్టగొడుగును వాళ్లు కొక్కు అంటారు. ఆ తర్వాత అసలు సంగతి చెప్పింది. పొలం వెంచర్ వాళ్లకు పోయింది. బర్రెల్ని అమ్మేశారు. ఇప్పుడు ఆమె ఒక కంపెనీలో రోజంతా నిలబడి డబ్బాలు సర్దుతోంది. మిగిలింది ఆ వాము ఒక్కటే, జేసీబీ వస్తే అదీ ఉండదు. “మా అత్త చేతుల కెల్లి నా చేతులకొచ్చింది గిదొక్కటే. గిది గూడ పోతె ఇగ నాదనేది ఏముంది?”

ఆ మాటకు నేను కాదనలేకపోయాను. కానీ నా దగ్గర ఒక నియమం ఉంది. ఎవరి విత్తనం వాళ్ల చేత్తోనే తీయాలి. అందుకని స్టిల్ ఎయిర్ బాక్స్ చేయడం నేర్పాను. పెద్ద ప్లాస్టిక్ టబ్బును బోర్లించి, చేతులు దూరేలా రెండు కంతలు చేస్తే చాలు. లోపల గాలి కదలదు కాబట్టి బూజు రేణువులు మెల్లగా కిందికి దిగిపోతాయి. టబ్బును స్పిరిట్‌తో తుడవాలి, అది పూర్తిగా ఆరాకే దీపం వెలిగించాలి, ఆ దీపం కూడా టబ్బు బయటే ఉండాలి. తీగను ఎర్రగా కాల్చి, చల్లారనిచ్చి, దాని కొసతో కాస్త పొడి తీసుకుని అగార్ ప్లేటు మీద గీయాలి. అగార్ ప్లేటంటే మరేమీ కాదు, జున్నులా గడ్డకట్టిన ఆహారం పోసిన మూత పళ్లెం. ప్లేట్లు నేను నా యంత్రం ముందు కూర్చుని పోసి, టేపు చుట్టి ఇచ్చాను.

మొదటి మూడు ప్లేట్లూ మూడో రోజుకే పచ్చగా, నల్లగా బూజు పట్టాయి.

వాళ్లింటికి వెళ్లాను. ఇల్లు అద్దంలా ఉంది. టబ్బు పెట్టిన గదిలో పచ్చిగా పేడ అలుకు, దాని మీద ముగ్గు. మంచి పని మొదలుపెడుతున్నానని వాకిట్లో సాన్పు, అంటే పేడనీళ్లు, చల్లి, అగరుబత్తి ముట్టించి, ఆ తర్వాతే చేతులు లోపల పెట్టిందట. నాకు నవ్వూ కోపమూ ఒకేసారి వచ్చాయి.

“పేడలో ఎన్ని రకాల బూజులుంటాయో తెలుసా? శుభ్రం వేరు, స్టెరైల్ వేరు బాలమణమ్మా. స్టెరైల్ అంటే కంటికి కనపడని ప్రాణి కూడా ఉండకూడదు.”

“సాన్పు జల్లకుంటె ఇల్లు ఇల్లెట్లయితది?” అని గొణిగింది గానీ, చల్లడం మానేసింది. శుక్రవారం కూడా మానేసింది. అలికిన గది వదిలి బండలు పరిచిన గదిలోకి మారింది, ఫ్యాన్ ఆపింది. రెండోసారీ బూజే. నేను ఫోన్లోనే గట్టిగా అరిచాను. చేతులు కడిగావా, మాట్లాడుతూ చేశావా, తీగ చల్లారకముందే ముంచావా అని ప్రశ్న మీద ప్రశ్న. ఈలోగా వానలు తెరిపివ్వడంతో అనుకున్నదానికంటే ముందే జేసీబీ వచ్చి వామును ఎత్తిపోసింది. ఇక ఆ ఫాయిల్ మీద మిగిలిన పొడే ఆధారం.

మూడోసారి నాలుగు ప్లేట్లిచ్చాను. నాలుగో రోజు పొద్దున్నే ఆమె ల్యాబుకు వచ్చి నాలుగింటినీ వరుసగా పెట్టింది. అన్నిట్లోనూ పచ్చ బూజు.

“మళ్లీ ఏం చేశావు?” అన్నాను.

ఆమె చివరి ప్లేటును నా వైపు జరిపింది. “దీన్ని నేను తెరవలే.”

చూస్తే నేను చుట్టిన టేపు చుట్టినట్టే ఉంది.

“తెరవనిదాన్ని ఎందుకు పెట్టుకున్నావు?”

“దుకాణపోడు ఇచ్చిన ఇత్తనాలు సంచి మొత్తం సల్లుకుంటమా బిడ్డా? గుప్పెడు తీసి, తడిగుడ్డల కట్టి, మొలకొస్తదో లేదో సూసుకోమా? నీయి మంచియో కావో నాకెట్ల ఎరుక?”

ఆ క్షణాన నాకు తల కొట్టేసినట్టయింది. దాన్నే కంట్రోల్ ప్లేట్ అంటారు. ఏమీ వేయకుండా పక్కన పెట్టి, తప్పు మన చేతిదా, ప్లేటుదా అని తేల్చుకునే పద్ధతి. మైక్రోబయాలజీ మొదటి ఏడాదిలోనే చెబుతారు. నా మీద నాకున్న నమ్మకం కొద్దీ నేనెప్పుడో మానేసిన పని అది. నకిలీ విత్తనాల దెబ్బ తిన్న రైతు ఇంట్లో మాత్రం అది అలవాటుగా మిగిలింది.

ఆమె ముందే యంత్రం ఆన్ చేసి, వెనక గాలి పీల్చుకునే చోట అగరుబత్తి పెట్టాను. పొగ వడపోతలో ఆగాలి. కానీ ముందు వైపు ఎడమ మూల నుంచి సన్నగా బయటికొచ్చింది. ఫిల్టర్ చుట్టూ ఉండే రబ్బరు ఎండి, పగిలిపోయింది. రోడ్డు మీది దుమ్మంతా నేను పోసే ప్లేట్లలోకీ, అక్కడే నింపే స్పాన్‌లోకీ పోతోందన్నమాట.

బాలమణమ్మ ఆ పొగను చూస్తూ మెల్లగా అడిగింది. “మరి నీ తాన ఇంకెవలెవలు తీస్కపోయిన్రు?”

ఆ ప్రశ్న ముల్లులా గుచ్చుకుంది. శామీర్‌పేట సలీం భాయ్ గుర్తొచ్చాడు. నా దగ్గర కొన్న స్పాన్‌కు బూజు పట్టిందని వస్తే, “షెడ్డు సాఫ్‌గా పెట్టుకో భాయ్” అని పంపించేశాను. ఆ మధ్యాహ్నమే ఆయన ఇంటికి వెళ్లి తప్పు నాదని చెప్పాను.

“నా బీవీని తిట్టిన మేడమ్. నీ చేతులు సాఫ్ లేవన్న. ఆ దినం కెల్లి ఆమె షెడ్డుల అడుగు పెడ్తలే. ఇప్పుడు జెప్పి ఏం ఫాయిదా?”

ఆయన భార్యను పిలిపించి, ఆమెకూ చెప్పాను. ఆమె తన చేతులకేసి చూసుకుంది. నాకు అంతకంటే సిగ్గనిపించిన రోజు ఈ వృత్తిలో ఇంకోటి లేదు.

ఫాయిల్ మీద ఇక గోరంత పొడే మిగిలింది. ఈసారి ప్లేట్లను బాలమణమ్మ టబ్బులోనే పోశాను. యంత్రం జోలికి పోలేదు. రెండు కంట్రోల్ ప్లేట్లను ఐదు రోజులు చూశాం. మచ్చ లేదు. అప్పుడు ఆమె ఊపిరి బిగబట్టి, మూడు ప్లేట్ల మీద ఆ పొడి గీసింది.

రెండు ప్లేట్లలో జిగట జిగటగా బ్యాక్టీరియా పాకింది. ఆరుబయట మొలిచిన గొడుగు పొడితో వచ్చే చిక్కే అది, ఆ పొడి ఒంటరిగా రాదు. మూడో దాంట్లో ఒక పక్క జిగట, ఇంకో పక్క గాజు మీద దూది పరిచినట్టు సన్నటి తెల్లటి పోగులు. ఆ పోగుల చిట్టచివరి అంచు నుంచి గింజంత ముక్క కోసి కొత్త ప్లేటులోకి మార్చాలి. నేను చేస్తానని చేయి చాపాను. ఆమె ఇవ్వలేదు.

“నువ్వు జెప్పు. నేను కోస్త.”

కోసింది. ఐదో రోజుకు ప్లేటంతా తెల్లగా నిండింది. ఈ జాతి చలికి చచ్చిపోతుంది కాబట్టి ఫ్రిజ్‌లో పెట్టవద్దని మరీ మరీ చెప్పి పంపాను. దాంతోనే స్పాన్ చేసి, కొని తెచ్చిన గడ్డి మోపుల్లో వేసుకుంది. చలికాలం గడిచి, మరుసటి వేసవికి మొదటి మొగ్గలొచ్చాయి. ఒకటి తెంపి తెచ్చి, నా ముందే రెండుగా చీల్చి ముక్కు దగ్గర పెట్టుకుంది.

“మాదే బిడ్డా. మా వాముదే” అంది. ఆమె కళ్లలో నీళ్లు చూసి నాకూ ఆగలేదు.

తొమ్మిదేళ్లు శుభ్రత గురించి పాఠాలు చెప్పినదాన్ని, అనుమానం మొదట నా చేతి మీద పడాలని ఆమె దగ్గర నేర్చుకున్నాను. ఇప్పుడు ప్రతి బ్యాచ్‌లో రెండు ప్లేట్లు తెరవకుండా ఉంచుతాను. ఎవరైనా బూజు పట్టిందని వస్తే ముందు వాటిని చూస్తాను, ఆ తర్వాతే వాళ్లింటి సంగతి అడుగుతాను. సెలవు దొరికినప్పుడు శిక్షణలో బాలమణమ్మ కూడా ఒక మాట చెబుతుంది. నన్ను పక్కన నిలబెట్టుకునే చెబుతుంది.

“మేడమ్ మంచిదే. అయినా ఆమె ఇచ్చినయి గూడ ఒకటి తెరవకుండ పక్కకు పెట్టి సూడుర్రి.”