బస్సెక్కే రోజు గుక్కెడు నీళ్లు

ఆ రోజు పొద్దున పాలు పితకడానికి కూర్చున్నదాన్ని మళ్లీ లేవలేకపోయాను. అప్పటికే చాలా రోజులుగా జ్వరం వచ్చిపోతూ ఉంది. పుంగనూరులో సూదులు వేయించుకుని, మాత్రలు మింగి, ఆవుల పని చేసుకుంటూనే ఉన్నాను. ఆ పొద్దు మాత్రం కడుపు చెక్కలా గట్టిపడింది. చెయ్యి ఆనిస్తే ప్రాణం పోయేంత నొప్పి. మా ఆయన రెడ్డెప్ప పాల చెంబు పక్కకు తీసి, "యాల మే అట్ల సూస్తాండావు? లెయ్" అన్నాడు. నేను లేవకపోయేసరికి ఆటో పిలిచాడు.

మదనపల్లెలో స్కాన్ తీశారు. డాక్టరు మా ఆయనతో చెప్పిన మాటలు నాకూ వినిపించాయి. "టైఫాయిడ్ ముదిరి చిన్నపేగుకు రంధ్రం పడింది. పర్ఫొరేషన్ అంటాం. లోపలంతా ఇన్ఫెక్షన్ ఉంది. ఇప్పుడే ఆపరేషన్ చెయ్యాలి."

"రేపు చేస్తే కుదర్దా సార్? ఇంటికి పోయి ఆవులకు ఒక దావ సూసి వస్తాను."

"రేపటికి ఈమె ఉండదు."

మా ఆయన సంతకం పెట్టాడు.

మెలకువ వచ్చాక చూస్తే కడుపు కుడివైపు ఒక సంచి అతికించి ఉంది. పేగు కొన ఎర్రగా బయటికి వచ్చి ఉంది. దాంట్లోంచి పల్చగా మలం సంచిలోకి కారుతోంది. దీన్ని ఇలియాస్టమీ అంటారట. నేను గోడవైపు తిరిగి పడుకున్నాను. మా ఆయనను కూడా చూడనివ్వలేదు. డాక్టరు వచ్చి, "ఇది పర్మనెంట్ కాదమ్మా. పేగు మానాక, మూడు నెలలకు మళ్లీ లోపల పెట్టి మూసేస్తాం" అన్నాడు. ఆ మాట ఒక్కటే పట్టుకుని ఉన్నాను.

సంచి మార్చడం వార్డులో ఉండే సిస్టరు నేర్పింది. మొదటి రోజు నేను చూడనన్నాను. ఆమె బలవంతం చెయ్యలేదు.

"సరే, ఈ పొద్దు నేను చేస్తా. నువ్వు ఫ్యాన్ సూడు. రేపు నన్ను సూడు. ఎల్లుండి దీన్ని సూద్దువు."

ఆమె అన్నట్టే జరిగింది. స్టోమా, అంటే బయటికొచ్చిన ఆ పేగు కొన, నోటి లోపలి చర్మంలా ఎర్రగా, తడిగా ఉంటే మంచిదని చెప్పింది. నల్లబడితే ఆలస్యం చెయ్యకుండా రమ్మంది. ఉత్త నీళ్లతో కడిగి, మెత్తని గుడ్డతో అద్ది, పూర్తిగా ఆరాక సంచి అతికించాలి. మూడో వంతు నిండగానే ఒంపెయ్యాలి. ఇంటికి పంపే రోజు మళ్లీ చెప్పింది: "నీళ్లు, ఓఆర్ఎస్ బాగా తాగాల. చిన్నపేగు నుంచి పోతాండాది కాబట్టి ఒంట్లో నీళ్లూ ఉప్పూ రెండూ పోతాయి. అర్థమైందా?"

తల ఊపాను. అర్థమైందనే అనుకున్నాను. ఇంట్లో ఉన్నన్నాళ్లూ తాగాను కూడా.

ఇంటికొచ్చాక స్టోమా చుట్టూ చర్మం మండిపోతుంటే ఆముదం రాశాను. సంచి ఊడి చీరంతా పాడైంది. రివ్యూకు పోయినప్పుడు సిస్టరు, "నూనె పూస్తే బ్యాగు యాడ అతుక్కుంటాదమ్మా?" అని నవ్వి, మంటకు చల్లుకోమని పొడి ఇచ్చింది. మా ఆయనకు సంచి అంటే మెల్లగా భయం పోయింది. సంచిలో గాలి చప్పుడైతే, "పలికినావా?" అనేవాడు. నాకు ఒళ్లు మండేది. కొన్నిసార్లు నవ్వు కూడా వచ్చేది.

ఇంకొన్ని రోజుల్లో సంచి తీసేస్తారనగా కుప్పంలో మా చెల్లెలు రత్న కొత్త ఇంట్లో చేరింది. పోకుండా ఎట్లా ఉంటాను?

మా వైపు ఆడవాళ్లం బస్సెక్కే రోజు నీళ్లు తాగం. దారిలో ఎక్కడ దిగుతాం, ఎవరిని ఆపమంటాం? మా అమ్మ అట్లే చేసేది, నేనూ అంతే. మదనపల్లె రివ్యూలకు కూడా అట్లే పోయి వచ్చాను. దగ్గర ఊరు కాబట్టి ఏమీ కాలేదు. కుప్పం దూరం. అందుకని ముందు రోజు సాయంత్రం నుంచే అన్నం, నీళ్లు మానేశాను. సంచి ఖాళీగా ఉంటే కొత్త చీర కింద కనపడదని ఆశ. తినకపోయినా సంచిలోకి నీళ్లలాంటిది వస్తూనే ఉంది. అది ఆగాలని దాహం వేసినా ఓర్చుకున్నాను.

పలమనేరులో బస్సు మారేటప్పుడు పిక్కలు పట్టేశాయి. మా ఆయన సోడా తెచ్చాడు.

"తాగు మే, మొగం సూడు ఎట్లుండాదో."

"వద్దు. నువ్వు తాగు."

కుప్పంలో ఇల్లంతా చుట్టాలు. ఒక్క బాత్రూమ్, దాని ముందు ఎప్పుడూ జనం. అక్కడా గొంతు తడుపుకోవడం తప్ప తాగలేదు. రత్న పాయసం గిన్నె పట్టుకుని, "ఏమక్కా, నా ఇంట్లో చేతులు కడిగి ఒక ముద్ద కూడా తినవా? అంత కోపమా నా మీద?" అంది. అందరి ముందు ఏం చెప్పను? మరుసటి రోజు గడప దిగబోయి పడిపోయాను. తర్వాత ఆస్పత్రి మంచం మీదే తెలివొచ్చింది.

అక్కడి డాక్టరు రక్త పరీక్ష చూసి, "క్రియాటినిన్ బాగా పెరిగింది. కిడ్నీలు దెబ్బతిన్నాయి. యూరిన్ రాకపోతే డయాలసిస్ పెట్టాలి" అన్నాడు. రత్న నా కాళ్ల దగ్గర కూర్చుని ఏడుస్తోంది. సెలైన్ ఎక్కిస్తున్న సిస్టరు మాత్రం నా నాలుక చూసి అడిగింది.

"ఎప్పుడు తాగినావమ్మా నీళ్లు?"

"బస్సుకు ముందు తాగము గదా."

"తాగకపోతే సంచి నిండదని ఎవురు చెప్పినారు?"

"ఎవురూ చెప్పలే. నేనే అనుకున్నా."

ఆమె తిట్టలేదు. మంచం మీద ఒక పక్కన కూర్చుంది. "నువ్వు తాగినా తాగకపోయినా ఈ పేగు ఆగదమ్మా. నువ్వు పొయ్యకపోతే నీ ఒంట్లో ఉండేది తీసి పోస్తాది. నాలుక ఎండినా, లేస్తే కండ్లు తిరిగినా, పిక్కలు పట్టినా, యూరిన్ పచ్చగా కొంచెమే వచ్చినా ఒంట్లో నీళ్లు చాలలేదని అర్థం. అప్పుడు ఉత్త నీళ్లే తాగితే చాలదు, ఓఆర్ఎస్ తాగాల. సంచిలోకి మరీ ఎక్కువ పోతాంటే ఆస్పత్రికి రావాల." తర్వాత నా చేత అవన్నీ తిరిగి చెప్పించింది. ఒకటి మర్చిపోతే, "ఇంగోటి ఉండాది" అని ఊరుకుంది. నాకు గుర్తొచ్చేదాకా లేవలేదు.

యూరిన్ వచ్చింది. డయాలసిస్ తప్పింది. కానీ మదనపల్లెలో సంచి తీయాల్సిన రోజు రిపోర్టులు చూసి డాక్టరు తల అడ్డంగా ఊపాడు. "ఇట్లా ఉంటే మత్తు ఇవ్వడం రిస్క్ అమ్మా. కిడ్నీ కోలుకోవాలి."

"ఎన్నాళ్లు సార్?"

"చెప్పలేను."

బయటికొచ్చాక మా ఆయన, "ఉండనీలే మే. అది ఉన్నా పాలు పితుకుతాండావు గదా" అన్నాడు.

"నీ కడుపు మీద లేదు గదా, నువ్వు అట్లే అంటావు" అన్నాను.

ఏడాది దాటింది. సంచి ఇంకా ఉంది. క్రియాటినిన్ కొంచెం దిగింది, కానీ డాక్టరు కోరినంత దిగలేదు. ప్రతిసారీ రిపోర్టు చూసి ఇంకొన్నాళ్లు చూద్దామంటాడు. కొన్ని రోజులు ఆశ ఉంటుంది, కొన్ని రోజులు అదీ ఉండదు. పాలు పితుకుతాను, బరువులు మాత్రం ఎత్తను. బస్సెక్కితే ఓఆర్ఎస్ కలిపిన బాటిల్, ఇంకో సంచి, దానికి పేగు పట్టేంత రంధ్రం కత్తిరించడానికి కత్తెర దగ్గర పెట్టుకుంటాను. బస్టాండులో బాత్రూమ్ ఎక్కడుందో ముందే అడిగి, సంచి ఒంపుకుని ఎక్కుతాను. బస్సులో నీళ్లు తాగుతుంటే పక్కన కూర్చున్న ఆడవాళ్లు వింతగా చూస్తారు, చూడనీ.

నాకు అక్షరాలు వచ్చింది పొదుపు సంఘం వాళ్లు నేర్పించాక, యాభై దాటిన తర్వాత. అందుకే ఇది రాయడానికి చాలా రోజులు పట్టింది. చదివేవాళ్లకు ఒక్కటే చెబుతాను. ఇంటికి పంపే రోజు సిస్టరు అర్థమైందా అని అడిగితే తల ఊపి లేవకండి. మీరు పొద్దున లేచి ఏం చేస్తారో, ఏం తింటారో, ఊరికి పోతే ఎట్లా పోతారో ఆమెకు చెప్పండి. సిగ్గుపడే సంగతులు ముందు చెప్పండి. మన ఇంట్లో అలవాట్లు వాళ్లకు ఎట్లా తెలుస్తాయి? ఆ రోజు మదనపల్లెలో, "బస్సెక్కేటప్పుడు కూడా తాగాలా సిస్టర్?" అని నేను ఒక్క మాట అడిగి ఉంటే, ఈ సంచి ఎప్పుడో తీసేసి ఉండేవాళ్లు.