వికెట్ ఆటా, బ్యూగ్లర్ సెలవూ

కరోనా రెండో విడత తగ్గి, జనం మాస్కులు గడ్డం కిందికి దించిన ఏడాది, నన్ను నెల్లూరు తీరంలోని ఒక ఆర్మ్‌డ్ రిజర్వ్ క్యాంపుకు రిజర్వ్ ఇన్‌స్పెక్టర్‌గా వేశారు. సర్వీసులో అదే నా ఆఖరి పోస్టింగ్. క్యాంపు పేరూ, పైఅధికారుల పేర్లూ రాయను. రాసి ఇప్పుడు నేను సాధించేదేమీ లేదు.

పోలీసు అనగానే జనానికి స్టేషనూ, లాఠీ గుర్తొస్తాయి. మాది అది కాదు. ఆర్మ్‌డ్ రిజర్వ్ కేసులు రాయదు, దొంగలను పట్టదు. ఖైదీలను కోర్టుకు తీసుకెళ్తాం, బ్యాంకు సొమ్ముకు కాపలా పోతాం, మంత్రులొస్తే ఎండలో నిలబడతాం. ఇవి కాక ఇంకో పని ఉంది. పెద్దవాళ్లు ఎవరైనా పోతే, ప్రభుత్వం సరేనంటే, అధికార లాంఛనాలు జరిపేది మేమే.

దానికొక పద్ధతి ఉంది. ఉత్తర్వు ప్రభుత్వం నుంచి కలెక్టరుకు, అక్కణ్ణుంచి జిల్లా పోలీసు అధికారికి, చివరికి నాలాంటివాడి బల్ల మీదికి వస్తుంది. పార్టీ వరసగా నిలబడుతుంది. 'శోక్ శస్త్ర్' అని కమాండ్ ఇస్తే తుపాకులు తలకిందులవుతాయి. గొట్టం బూటు మీద ఆనించి, తల వంచి నిలబడాలి. తర్వాత గాల్లోకి మూడు సార్లు కాల్పులు, ఉత్తుత్తి తూటాలతో. ఆ మీదట బ్యూగ్లర్, అంటే ఇత్తడి బాకా ఊదేవాడు, ఒక్కడు ముందుకొచ్చి 'లాస్ట్ పోస్ట్' అనే వీడ్కోలు బాణీ వాయిస్తాడు. ఏడ్చేవాళ్లు ఏడ్చి వెళ్లిపోయాక మావాళ్లు ఇసకలో వంగి ఖాళీ తూటా గొట్టాలు ఏరుకుంటారు. అవి అప్పజెప్పకపోతే స్టోర్సువాడు ఊరుకోడు.

ఎవరైనా పెద్దమనిషి ఆస్పత్రిలో చేరితే మాకు 'స్టాండ్‌బై' పడుతుంది. సెలవులు బంద్. పార్టీలో ఉన్నవాడు గేటు దాటకూడదు. ఆయన పోయేదాకా, లేదా లేచి ఇంటికెళ్లేదాకా అంతే. అందుకే మా క్యాంపులో వికెట్ ఆట పుట్టింది.

దాన్ని మొదలుపెట్టింది హెడ్ కానిస్టేబుల్ రమణయ్య. కొడవలూరు దగ్గర వరి పండించే కుటుంబం. సరిగ్గా నాట్ల సమయానికి ఎవరో ఒకరికి స్టాండ్‌బై పడి అతని సెలవు ఎగిరిపోయేది. "నేను నారు పీకే రోజే చూసి పోతారు సార్ వీళ్లు" అని నాతోనే అన్నాడు. జిల్లాలో దహనమో ఖననమో జరగాల్సిన ముసలి నటులు, మాజీ మంత్రులు, గాయకులు, వీళ్లలో తర్వాతి వికెట్ ఎవరిదో చెప్పాలి. ప్రమాదాలు లెక్కలోకి రావు. గెలిచినవాడికి వారం పాటు మెయిన్ గేటు సెంట్రీ డ్యూటీ ఉండదు, మిగిలినవాళ్లు పంచుకుంటారు. టీవీలో హెల్త్ బులెటిన్ వస్తే భోజనాల హాల్లో కంచాలు ఆగిపోయేవి. రమణయ్య వ్యాఖ్యానం చెప్పేవాడు.

"చికిత్సకు స్పందిస్తా ఉండారు అన్నారంటే ఇంగా వారం ఉండాది. నిలకడగా ఉండారంటే మనం మోసపోయినట్టే. కుటుంబ సభ్యులు ఒక్కొక్కరే చేరుకుంటా ఉండారు అన్నారా, ఇంగ లేసి బూట్లు పాలిష్ చేసుకోండబ్బా!"

నేనూ నవ్వాను. నా కోపం ముక్కు మీదే ఉంటుందని పేరుగానీ, ఆ ఆటను ఆపాలని మాత్రం నాకు అనిపించలేదు. రోజూ చావు కోసం బూట్లు తుడుచుకునేవాళ్లు దాని మీద నవ్వకపోతే పిచ్చెక్కుతుంది.

ఆ ఆటలో చేరనివాడు ఒక్కడే, బ్యూగ్లర్ దానియేలు. చిల్లకూరు మండలంలో ఒక పల్లె అతనిది. మితభాషి, ఆదివారం చర్చి తప్పనివాడు. క్యాంపులో ఇద్దరు బ్యూగ్లర్లు ఉండాలి. ఒకాయన రిటైరయ్యాడు, ఆ ఖాళీ నింపలేదు. దానితో జిల్లా మొత్తానికి లాస్ట్ పోస్ట్ తప్పు లేకుండా వాయించేవాడు దానియేలు ఒక్కడే మిగిలాడు.

వానలు మొదలైన రోజుల్లో ఒక పాతతరం నటుడికి ఊపిరితిత్తుల జబ్బు ముదిరింది. ఆయన పేరూ వద్దు. ఎప్పుడూ జమీందారు వేషాలే వేసినందువల్ల మావాళ్లు జమీందారుగారు అనేవాళ్లు. మద్రాసు ఆస్పత్రి నుంచి ఇంటికి వచ్చేశారు. మైపాడు వైపు, రొయ్యల చెరువుల మధ్య, సముద్రానికి దగ్గరగా ఆయన ఇల్లు. ముఖ్యమంత్రి కూడా రావచ్చని కబురు. స్టాండ్‌బై పడింది.

అదే వారంలో దానియేలు వాళ్లమ్మను ఆస్పత్రివాళ్లు ఇంటికి తీసుకుపొమ్మన్నారు. కడుపులో క్యాన్సర్. ఇక మందుల్లేవన్నారు. దగ్గర అక్క ఒక్కతే ఉంది. దానియేలు సెలవు చీటీ తెచ్చి నా బల్ల మీద పెట్టాడు. నేను గట్టిగా సిఫారసు రాసి నా పైఅధికారి దగ్గరికి స్వయంగా తీసుకెళ్లాను. గంటన్నర ప్రయాణమే సార్, పిలిస్తే వచ్చేస్తాడు అన్నాను. ఆయన తల ఎత్తకుండా అడిగారు: "ముఖ్యమంత్రి ముందు బ్యూగుల్ లేకపోతే నా టోపీ ఉంటుందా? ఈయన ఇవాళో రేపో అన్నట్టున్నాడు. అయిపోగానే పంపించు. ఆవిడ ఈ వారమే పోతుందని ఎవరైనా రాసిచ్చారా?"

ఎవరూ రాసివ్వలేదు. చీటీ తిరిగి తెచ్చి దానియేలు చేతికిచ్చాను. నాకు ఒళ్లు మండిపోయింది. అతను మాత్రం మడిచి జేబులో పెట్టుకుని సెల్యూట్ కొట్టి వెళ్లాడు.

ఇవాళో రేపో అనుకున్న జమీందారుగారు వారం దాటినా ఉన్నారు. ఒకరోజు మెరుగు, ఒకరోజు విషమం. అక్క ఫోన్ చేసినప్పుడల్లా దానియేలు పరేడ్ గ్రౌండ్ చివరికి వెళ్లి మాట్లాడి వచ్చేవాడు. అమ్మ అతని పేరే పిలుస్తోందని అక్క ఏడుస్తోందట. రెండు వారాలు అలా గడిచాయి. ఒక మధ్యాహ్నం భోజనాల దగ్గర రమణయ్య మామూలుగా పేర్లు అడుగుతుంటే దానియేలు తల ఎత్తాడు.

"జమీందారుగారు. ఈ వారంలోనే" అన్నాడు.

అందరూ ఒక్కసారిగా ఘొల్లున నవ్వారు. "పాస్టరు గూడా దిగినాడురా ఆటలోకి!" అన్నాడు ఎవడో. దానియేలు నవ్వలేదు. పక్క బల్ల దగ్గర తింటున్న నాకు అతని ముఖం కనిపించింది. అది ఆట ఆడేవాడి ముఖం కాదు.

మర్నాడు స్థలం చూసి రమ్మని ఉత్తర్వు. అంత్యక్రియలు ఇంటి ఆవరణలోనే చేయాలని కుటుంబం అనుకుంటోందట. పార్టీ ఎక్కడ నిలబడాలి, కాల్పులు ఏ దిక్కుకు, వాహనాలు ఎటు నుంచి అన్నవి ముందే చూసుకోవాలి. అది మా పద్ధతి. మామూలు బట్టల్లో వెళ్లి చడీ చప్పుడు లేకుండా రావాలి గానీ, ఆ రోజు కోర్టు డ్యూటీ నుంచి నేరుగా యూనిఫారంలోనే వెళ్లాల్సి వచ్చింది. జీపు రమణయ్య నడిపాడు. బ్యూగ్లర్ నిలబడే చోటు చూపించాలి కాబట్టి దానియేలునూ ఎక్కించుకున్నాను.

కొబ్బరి చెట్ల మధ్య అడుగులతో కొలుస్తుంటే వరండాలోంచి పిలుపు వచ్చింది. జమీందారుగారు చక్రాల కుర్చీలో ఉన్నారు. ముక్కుకు ఆక్సిజన్ గొట్టం. తెర మీద ఆ మనిషి భుజాలెంత, ఇప్పుడున్నదెంత!

"ఏందయ్యా కొలుస్తా ఉండారు?" అని అడిగారు.

భద్రత కోసం సార్ అన్నాను. ఆయన నవ్వబోయి దగ్గారు. తేరుకోవడానికి చాలాసేపు పట్టింది.

"సినిమాల్లో నేను చచ్చినప్పుడల్లా పోలీసులు అంతా అయిపోయినాక వచ్చేవాళ్లు. మీరేందయ్యా, ముందే వచ్చినారే!"

రమణయ్య నవ్వాపుకోలేక అటు తిరిగాడు. నాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. పెద్దాయనే మాట కలిపారు. "సిగ్గెందుకులే. మా కాలంవాళ్లం ముగ్గురం మిగిలినాం. ఫోను మోగితే ఎవురి వంతా అని జూస్తా. నాది కాదులే అని కాఫీ అడగతా." తర్వాత దానియేలు వైపు చూశారు. "నువ్వేం చేస్తావబ్బా?"

"బ్యూగుల్ వాయిస్తాను సార్."

"పెళ్లయిందా? అమ్మా నాయనా ఉండారా?"

దానియేలు "అమ్మ ఉండాది సార్" అన్నాడు. బాగా జూసుకో అని ఆయన చెయ్యెత్తారు. ఆ చెయ్యి ఎత్తడానికే ఆయాసం వచ్చింది. ఆయా వచ్చి కుర్చీ లోపలికి తోసుకెళ్లింది.

తిరుగు దారిలో చెరువుల గట్టు మీద పోతుండగా వెనక నుంచి దానియేలు గొంతు వినిపించింది.

"సార్, ఒక మాట. మాయమ్మ కోసం ప్రార్థన చేద్దామని మోకాళ్లేస్తా. నోట్లోంచి ఈయన పోవాల ప్రభువా అని వస్తా ఉండాది. దినమూ అదే. టీవీలో బొమ్మే గదా అనుకున్నా ఇన్నాళ్లూ. ఇయ్యాల మనిషిని జూసినా. నాతో మాట్లాడినాడు, మాయమ్మను అడిగినాడు. ఇంగ నేను ఏ మొహం పెట్టుకోని ప్రార్థన చేసేది సార్?"

రమణయ్య గేరు మార్చడం మర్చిపోయాడు. జీపు గురగురమని ఆగిపోయింది. నాకు ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. ఒక మనిషిని ఇలాంటి ప్రార్థనకు తెచ్చిన ఏర్పాటు మీద కోపం, భోజనాల హాల్లో మేమంతా నవ్విన నవ్వు మీద కోపం. హైవే మీదికి తిప్పమన్నాను. గూడూరు వైపు వెళ్లే బస్సు ఆపి దానియేలును ఎక్కమన్నాను.

"ఉత్తర్వు, సార్?"

"నా నోటి మాటే ఉత్తర్వు. ఎక్కు."

"బట్టలు..."

"ఉన్నవాటితో పో."

అది మంగళవారం. బుధవారం తెల్లవారాక కబురొచ్చింది, జమీందారుగారు పోయారు. అంత్యక్రియలు గురువారం మధ్యాహ్నం. రమణయ్య నా గది వాకిట్లో నిలబడ్డాడు. "దానియేలును పిలిపించేదా సార్? అమ్మకు ఎగశ్వాసగా ఉండాదని ఇప్పుడే ఫోను చేసినాడు."

పిలవొద్దన్నాను. పక్క జిల్లాలో తెలిసిన బ్యూగ్లర్‌ను అడిగాను. రాతపూర్వక ఉత్తర్వు లేనిదే కదలనివ్వరన్నాడు. ఆ ఉత్తర్వు అడిగితే మా బ్యూగ్లర్ ఏడని పైవాళ్లు అడుగుతారు. సస్పెన్షన్ కాగితం వస్తే ఏం జవాబు రాయాలో మనసులో కూర్చుకుంటూ పార్టీతో బయల్దేరాను.

ఆవరణ అంతా జనం. ముఖ్యమంత్రి రాలేదు, ఒక మంత్రి వచ్చారు. పాడె లేచిందో లేదో అభిమానులు గోడలెక్కి జేజేలు మొదలుపెట్టారు. బయట డప్పులు, టపాకాయలు, నెత్తి మీద డ్రోను రొద. నా కమాండ్ నా పార్టీకే సరిగా వినపడలేదు. తుపాకులు దించాం. మూడు సార్లు కాల్చాం. కాల్పులకు జనం ఈలలు వేశారు. ఇక లాస్ట్ పోస్ట్. బ్యూగ్లర్ ముందుకు రావాల్సిన చోట ఖాళీ ఇసక. ఆ బాణీకి పట్టేంత సేపు తలలు వంచి నిలబడ్డాం. మంత్రి ఫోనులో ఉన్నారు. నా పైఅధికారి మంత్రి వైపు చూస్తున్నారు. కెమెరాలన్నీ ఏడుస్తున్న ఒక హీరో చుట్టూ ఉన్నాయి. సమయం అయిందనుకుని పార్టీని వెనక్కి తిప్పాను. చితి అంటుకుంది. మావాళ్లు తూటా గొట్టాలు ఏరుకున్నారు.

సాయంత్రం పైఅధికారి పిలిచారు. నేను టోపీ సరిచేసుకుని వెళ్లాను. ఆయన కుర్చీలోంచి లేచి చెయ్యి కలిపారు. "ఏర్పాట్లన్నీ బాగా జరిగాయి. ఆ బ్యూగుల్ మాత్రం, నిజం చెప్తున్నా, ఒళ్లు జలదరించింది" అన్నారు.

సెల్యూట్ కొట్టి బయటికి వచ్చాను.

అమ్మను మట్టి చేసి దానియేలు ఆ మరుసటి వారం వచ్చాడు. ఈలోపు ఆటలో గెలిచింది అతనే అని అందరికీ తెలుసు, వారం కూడా సరిగ్గా చెప్పాడు కదా. ఎవరూ నోరెత్తలేదు. రమణయ్య గేటు డ్యూటీ నుంచి అతని పేరు తీసేశాడు. దానియేలు అది చూసి నేరుగా వెళ్లి, "నా డ్యూటీ నాకియ్యన్నా" అని అడిగి మరీ వేయించుకున్నాడు. వికెట్ ఆట మా క్యాంపులో మళ్లీ ఎవరూ ఆడలేదు.

నా గదికి వచ్చినప్పుడు అమ్మ మాట్లాడిందా అని అడిగాను.

"లేదు సార్. సోమవారమే మాట పడిపోయినాదంట. నేను పోయింది మంగళవారం గదా. ఆదివారం దాకా నా పేరే పిలిచినాదంట, అక్క చెప్పినాది." తర్వాత అడిగాడు: "ఆ రోజు బ్యూగుల్ ఎవురు వాయించినారు సార్?"

"ఎవరూ వాయించలేదు."

"మీకు మెమో వచ్చినాదా?"

"రాలేదు. లేదని ఎవరికీ తెలియలేదు. పెద్దసారు బాగా వాయించావన్నాడు."

దానియేలు గొంతు పెంచలేదు.

"అయితే నన్నెందుకు ఆపినారు సార్?"



రెండో బ్యూగ్లర్ పోస్టు నింపమని ఆ నెలే రాశాను. నేను రిటైరయ్యేదాకా నింపలేదు. ఈ ఉద్యోగంలో ఫలానావాడు లేనిదే పని జరగదని పైనుంచి వచ్చిన మాటను నేను ఆ తర్వాత నమ్మలేదు. తల్లో తండ్రో మంచాన ఉన్నారని ఎవరొచ్చినా, పైకి రాయకుండా ఆ పూటే పంపించాను. మిగిలిన సర్వీసులో ఒక్క అంతిమయాత్రా ఆగలేదు.