అత్త ఎంచుకున్న చీర

మా మేనత్త పోయిందని పొద్దున్నే పులివెందుల నుంచి ఫోనొచ్చింది. ఏడుపు తర్వాత వచ్చింది. ముందు బీరువా దగ్గరికి పరిగెత్తాను.

మా వైపు ఆడమనిషి పోతే, పుట్టింటి చీర వచ్చి మీద కప్పేదాకా ఎత్తరు. మా నాయన లేడు కాబట్టి ఆ చీర నేనే తీసుకుపోవాలి. భర్త పోయిన ఆడవాళ్లకైతే ఆ చీర కూడా తెల్లదే. మామ పోయినప్పటి నుంచి వెలిసిన రంగులే కట్టిన మా అత్తకు, పోయేటప్పుడు కూడా అదే గతి అంటే ఒళ్లు మంట.

అందుకే ఒక వేసవిలో మా ప్రొద్దుటూరులో బస్సు దిగి, మంచినీళ్లు కూడా తాగకుండా నన్ను బట్టలంగడికి లాక్కుపోయింది. అంగడంతా కిందామీదా చేయించి చిలకాకుపచ్చకు ఎర్రంచు ఉన్నది తీసింది. పెండ్లికి కూడా ఇన్ని చీరలు చూసుండవు కదత్తా అన్నాను.

"పెండ్లికి మా నాయన సూసినాడు. దీనికన్నా నన్ను సూసుకోనీ అబ్బీ," అంది.

తన ఇంట్లో ఉంటే ఎవరో ఒకరు దాన్ని పెండ్లికి పెట్టేస్తారని మా బీరువాలో దాచింది. అయినా కుదురు లేదు. ముద్దనూరు మీదుగా వచ్చి చీర విప్పి, మడత మార్చి పెట్టేది. ఒకసారి రంగు మరీ కొట్టొచ్చినట్టుందనేది, ఇంకోసారి చాలదనేది. ముసురు పట్టిందంటే బీరువాకు చెమ్మ తగిలిందేమోనని ఫోను. మా ఇంట్లో ఆమె కూర్చుని కాఫీ తాగడం నేను చూడలేదు.

చిన్నప్పుడు ఆమె ఇంట్లో ఉండే చదువుకున్నాను. రేపు పరీక్ష అనగా నా పెన్నులన్నీ తనే గీసి చూసి పెట్టేది. నాకు నాలుగు అక్షరాలు వచ్చాయంటే అది ఆమె కంగారు పుణ్యమే.

ఆమె పోయిన రోజు దారంతా లారీలే. యాడున్నావు, ఎండెక్కుతాంది అని ఫోన్ల మీద ఫోన్లు. తీరా పోతే అప్పటికే తెల్లగుడ్డ కప్పి ఉంది. నా చేతిలో చీర చూసి ఆమె మరిది అడ్డం వచ్చాడు. మా నాయనకంటే పెద్దాయన.

"మా ఇంట్లో ఇట్లాంటిది ల్యాదు నాయనా. ఊరు ఏమనుకుంటాది?"

"అత్తే ఎంచుకుంది మామా. ఇది కప్పందే ఎత్తనీయను," అన్నాను.

అత్త కోడలు లేచి, నా చేతిలోంచి చీర తీసుకుని, తెల్లగుడ్డ తీసేసి తనే కప్పింది. ఆ పెద్దాయన బయటికి వెళ్లి నిలబడ్డాడు. ఎత్తేటప్పుడు మాత్రం వచ్చి భుజం పట్టాడు.

సందు మలుపులో ఒక ముసలమ్మ పాడె ఆపమంది. వెలిసిన చీర, బోసి మెడ. దండం పెట్టుకుంటుందనుకున్నాం. చీర అంచు రెండు వేళ్ల మధ్య పట్టుకుని నలిపి చూసింది.

"ఏ అంగట్లో తీసినారప్పా?" అని మెల్లగా అడిగింది.

చెప్పాను. మళ్లీ ఒకసారి చెప్పమంది.