ఏడ్చాక ఒక నవ్వు

ఫిల్మ్ నగర్ డబ్బింగ్ థియేటర్లలో ఎవరి శవం లేచినా అంతోనమ్మ ఏడవాల్సిందే. తెర మీద గుంపులో ఎందరు గుండెలు బాదుకున్నా, అందులో చెవికి తగిలే గొంతు ఆమెదే.

చచ్చిన వేషం వేసినవాళ్ళని కెమెరా ముందు ఓసారి నవ్వించి గానీ పంపకూడదని సినిమావాళ్ళ నమ్మకం. రికార్డిస్టు ఆదినారాయణ ఆ పద్ధతిని డబ్బింగ్ గదిలోకీ తెచ్చాడు. ఏడుపు అయ్యాక మైకు కట్టేసేవాడు కాదు.

"నవ్వమ్మా అంతోనమ్మా. ఏడుపు నోట్లో పెట్టుకుని ఇంటికెళ్తావా ఏంటి?" అనేవాడు.

ఆమె నవ్వేది. ఇలాంటివి నమ్మకూడదని ఫాదర్ చెప్పినా ఇదొక్కటీ మానలేదు. భర్త ఏసుకుమార్ ఆసుపత్రిలో ఉన్నప్పుడు ఒకరోజు మైకు ముందు ఏడ్చేసి, నవ్వడం మరిచి బస్సు కోసం పరుగెత్తింది. ఆ సాయంత్రమే అతను పోయాడు. ఆ సంగతి ఆమె ఎవరికీ చెప్పుకోలేదు.

ఆదినారాయణ రిటైరయ్యాక జూబ్లీహిల్స్‌లో ఒక అద్దాల మేడలోకి మిషన్‌తో గొంతులు తయారుచేసే కొత్త కంపెనీ వచ్చింది. అంతోనమ్మను కూర్చోబెట్టి తల్లి ఏడుపు, చెల్లి ఏడుపు, పెళ్ళాం ఏడుపు విడివిడిగా రికార్డు చేసుకున్నారు. తర్వాత థియేటర్ల నుంచి పిలుపులు తగ్గాయి, ఆపైన ఆగిపోయాయి.

పనిపోయిన ఇలాంటి వాళ్ళ కోసం ప్రభుత్వం షేక్‌పేటలో శిక్షణ పెట్టింది. మిషన్ గొంతులు విని ఎక్కడ బాగాలేదో చెప్పాలి. పాసైతే ఆ కంపెనీలోనే ఉద్యోగం. ప్రారంభానికి వచ్చిన మంత్రి, ఇకపై తెలివే రాష్ట్రానికి సంపద అన్నాడు. అంతోనమ్మ కూడా చప్పట్లు కొట్టింది. బోరబండ ఇంటి కిరాయి కట్టడానికి ఆమెకు ఇంకో దారి లేదు.

చివరి రోజు పరీక్ష. శిక్షకుడు సిద్ధార్థ మొదటి రికార్డు పెట్టాడు. తల్లి ఏడుపు. పక్కనున్న పుష్పవల్లి, థియేటర్లలో తనతో కలిసి ఏడ్చిన మనిషే, మోచేత్తో పొడిచింది.

"వదినా, నీ గొంతే! అన్నయ్య పోయినప్పుడు కూడా ఇంత బాగా ఏడవలేదు నువ్వు."

ఏడుపు ఆగింది. నవ్వమ్మా అని ఎవరైనా అంటారేమోనని అంతోనమ్మ చూసింది. ఎవరూ అనకపోయేసరికి గట్టిగా నవ్వేసింది.

"ఏందమ్మా, గిట్ల నవ్వుతున్నరు? తప్పు యాడుందో చెప్పున్రి," అన్నాడు సిద్ధార్థ.

"తప్పేం లేదండీ, బాగానే ఏడ్చింది. నవ్వకుండా వదిలేశారు, అందుకని."

"మిషన్‌కి నవ్వెందుకమ్మా? జర సీరియస్‌గ ఉండున్రి. మార్కులు పోతయ్."

రెండోది చెల్లి ఏడుపు. అది ఆగగానే మళ్ళీ నవ్వింది. ఈసారి వెనక వరసలవాళ్ళు కూడా నవ్వారు. సిద్ధార్థ మొహం గంటు పెట్టుకున్నాడు.

"ఇంకొక్కసారి నవ్విన్రంటే బయటికి పంపిస్త. మళ్ళ నన్ను అనొద్దు."

"ఊరుకో వదినా, నీకు దణ్ణం పెడతా. ఉద్యోగం పోతుంది," పుష్పవల్లి చెయ్యి పట్టుకుంది.

మూడోది పెట్టాడు. మొగుడి కోసం పెళ్ళాం ఏడుపు. మిషన్ ఎక్కడా ఊపిరి తప్పకుండా ఏడ్చింది. అంతోనమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని కూర్చుంది.

ఏడుపు ఆగింది. సిద్ధార్థ ఆమె వంకే చూస్తున్నాడు. హాలంతా ఆమె వంకే చూస్తోంది. కాసేపు ఓర్చుకుంది. తర్వాత పుష్పవల్లి చెయ్యి విడిపించుకుని, కొంగు తీసి, నోరు తెరిచింది.

నవ్వు రాలేదు.